మూత మరిచాం

ముప్ఫై ఏళ్ళు వ్యవసాయ విస్తరణ పనిలో ఉన్నాను. విత్తనం వేసిన నాటి నుంచి కల్లం ఎత్తేదాకా రైతు పక్కనే నిలబడ్డామని మా తరం ఉద్యోగులం సభల్లో చెప్పుకుంటాం. కల్లం ఎత్తాక ఆ గింజ ఏ ఇంటికి, ఏ మూలకు చేరింది, దాన్ని ఎవరు కాపాడారు అని మాత్రం మేం అడగలేదు. అడగకపోవడం చిన్న తప్పు. గింజను కాపాడడం తెలిసిన మనుషుల్ని మీకేమీ తెలియదని నమ్మించి, వాళ్ళ చేతిలో విషపు బిళ్ళ పెట్టి రావడం పెద్ద తప్పు. ఆ రెండు తప్పులూ చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగం దిగిపోయాక ఈ మాట చెప్పడం ఆలస్యమేనని తెలుసు. అసలు చెప్పకుండా పోవడం ఇంకా ఘోరమని రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఊరు. చేలు నల్లరేగడివి. ఊరు మాత్రం గట్టి గరుసు నేల మీద ఉంది. అందుకే మా వీధిలో చాలా ఇళ్ళ ముందు జొన్నల పాతరలుండేవి. పైనుంచి చూస్తే మామూలు నేలే, ఎడ్లబండి కూడా దాని మీదుగా పోయేది. కింద మెడ ఇరుకుగా, పొట్ట వెడల్పుగా, పెద్ద కడవను భూమిలో పాతినట్టుండే గుంత. అడుగునా అంచులకూ ఎండుగడ్డి దట్టంగా పేర్చి, గలగలలాడేలా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, నోటికి బండ పెట్టి, సందు లేకుండా మట్టి మెత్తేవాళ్ళు. ఏడాదికో రెండేళ్ళకో, కరువొచ్చినప్పుడో తీసేవాళ్ళు.

పాతర తీసే రోజు మా జేజినాయన పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తెల్లవారుజామున బండ జరిపి, పొద్దెక్కేదాకా నోరు తెరిచి వదిలేసేవాడు. తర్వాత తాడుకు లాంతరు కట్టి నెమ్మదిగా లోపలికి దించేవాడు. పెద్దలంతా చుట్టూ చేరి వంగి చూసేవాళ్ళు. దీపం రెపరెపలాడి ఆరిపోయిందంటే ఇంకాసేపు ఆగాల్సిందే. నిలిచి వెలిగితేనే మనిషి దిగాలి. తొందరపడి దిగి లోపలే ప్రాణం విడిచినవాళ్ళ గురించి పెద్దలు చెప్పేవాళ్ళు. "లోపల గాలి చచ్చిపోయుంటాది నాయనా. పురుగును చంపిన గాలి మనిషిని వదుల్తాదా?" అనేవాడు జేజినాయన.

ఆ మాటనే నేను కాలేజీలో మళ్ళీ చదువుకున్నాను. మూసిన చోట గింజలూ పురుగులూ ఊపిరి పీల్చుకున్నకొద్దీ ఆక్సిజన్ తరిగిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఆక్సిజన్ కొంత మేర తగ్గాక పురుగు తిండి మానేస్తుంది, గుడ్లు పెట్టదు, చివరికి చస్తుంది. గాలి చొరని నిల్వ అని దానికి పుస్తకంలో పేరుంది. బట్టీపట్టి పరీక్ష రాశాను. ఆ పాఠానికీ మా ఇంటి ముందు దిగిన లాంతరుకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు. నా పక్క బల్లల మీద కూర్చున్నవాళ్ళకూ తట్టలేదు. వాళ్ళలోనూ పాతరలున్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు.

పాతర మగవాళ్ళ పని. పప్పుగింజలూ విత్తనాలూ మా జేజి పని. పాతర జొన్నలు తినడానికే గానీ మొలకకు పనికిరావని ఆమెకు తెలుసు. విత్తనపు జొన్న వేరే కుండలో ఉండేది. కందులు, పెసలు, అలసందలు నాలుగైదు ఎండలు కాచాక ఒక గింజ నోట్లో వేసుకుని కొరికేది. కటుక్కున విరిగితే సరే. పంటి కింద అణిగినట్టు అనిపిస్తే మళ్ళీ ఎండకే. చల్లారాక పిడకల బూడిద జల్లెడ పట్టి గింజలకు కలిపేది. చిటికెడు చల్లి వదిలేసేది కాదు, ప్రతి గింజా తెల్లబడేదాకా రెండు చేతులతో కలియబెట్టేది. కుండను గొంతుదాకా నింపి, పైన మందంగా బూడిద పోసి, మూత పెట్టి, పేడా మట్టీ కలిపి అంచు చుట్టూ మెత్తేది. ఇంట్లో వాడుకునే పప్పుకు ఆముదం అరచేత పోసుకుని రుద్దేది. బయట ఉన్న మూటల్లోకి అప్పుడప్పుడూ మోచేతిదాకా చేయి దూర్చి చూసేది. లోపల వెచ్చగా తగిలితే పురుగు పడినట్టు.

ఇందులో ఏదీ ఊరికే చేసిన పని కాదు. బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీరేస్తుంది, ఒంట్లో తడి ఆవిరైపోతుంది. గింజల మధ్య సందులు పూడ్చి పురుగును తిరగనివ్వదు. నూనె గుడ్ల మీద పొరలా పట్టి లోపలి పిల్లకు ఊపిరాడనివ్వదు. గొంతుదాకా నింపిన కుండలో గాలికి చోటు తక్కువ. పురుగులు గుంపు కట్టిన చోట గింజ వేడెక్కడం నిజం. జేజి ఈ కారణాలేవీ చెప్పలేదు. చదువుకున్న మనవణ్ణి, నేనూ అడగలేదు.

ఉద్యోగంలో చేరాక మేం ఊరూరా తిరిగి బూడిద కలపడం పాతకాలపు అలవాటని, పాతరలు పూడ్చేయమని చెప్పాం. 1960ల చివర్లో కేంద్ర ప్రభుత్వం ధాన్యాన్ని కాపాడుకోమని దేశమంతా ఒక ఉద్యమం నడిపింది. రేకు గాదెలూ, ఇటుక వరుసల మధ్య పాలిథీన్ షీటు పెట్టి కట్టే పూసా గాదెలూ ఆ కాలపు సరుకే. మంచి ఆలోచనలు. గాలిని, తేమను బయట నిలబెట్టడమే వాటి పని, అంటే పాతర చేసిన పనే. ఆ గాదెలను రెండెకరాల రైతు ఇంటికి చేర్చడానికి మేం కష్టపడలేదు. వాటి వెంట వచ్చిన మందును మాత్రం చేర్చాం. గాదెకు డబ్బు కావాలి, మేస్త్రీ కావాలి, పదిసార్లు తిరగాలి. మందుకు ఒక్కసారి చెప్తే చాలు.

మొదట గమాక్సిన్ పొడి. గోడలకూ నేలకూ చల్లమని చెప్పాం. దాన్ని విత్తనాలకూ తిండిగింజలకూ కలిపిన ఇళ్ళు మా కళ్ళతో చూశాం. తప్పు అని ఒక మాట అని వచ్చాం గానీ, మళ్ళీ ఆ గడప తొక్కి ఆపలేదు. దేశంలో 1997లో ఆ మందును నిషేధించారు. అప్పటికి బిళ్ళ వచ్చేసింది. అల్యూమినియం ఫాస్ఫైడ్. 3 గ్రాముల బిళ్ళ గాలిలో తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. మనిషి ఒంట్లోకి పోతే దానికి విరుగుడు లేదు. అందుకే ప్రభుత్వ సంస్థలో, అనుమతి ఉన్న పురుగు నివారణ సంస్థలో, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలని నియమం ఉంది. ఆ నియమం మాకు తెలుసు. పప్పు డబ్బాకు రెండు బిళ్ళలు కావాలంటే కాగితంలో చుట్టి ఇచ్చే అంగళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలుసు. ఆ బిళ్ళ ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పిందో ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు చెప్తారు. మేం ఒక్క అంగడి మీదా ఫిర్యాదు రాయలేదు.

ఇక నా వంతు చెప్పాలి. తొంభైల చివర, ఒక ఎండాకాలం. చిన్న రైతు ఇల్లు, రెండే గదులు. వెనక గదిలో ఆరు బస్తాల శనగలు, రెండు మూటల కందులు. పుచ్చపురుగు పట్టి బస్తాల చుట్టూ నేలంతా పొడి రాలింది. నేను వెంట తెచ్చిన బిళ్ళలను పాతగుడ్డలో మూటకట్టి నా చేతుల్తోనే బస్తాల మధ్య పెట్టాను. ఆ ఇంటి అవ్వ గుమ్మంలో నిలబడి అడిగింది. "సారూ, ఈ బిళ్ళ ఏసిన రూములో పిల్లోన్ని పండుకోబెట్టొచ్చునా?"

"ఏమీ కాదులే అవ్వా, కిటికీ తెరిచిపెట్టుకో" అన్నాను.

కిటికీ తెరిస్తే వాయువు బయటికి పోతుంది, పురుగు బతుకుతుంది. మూస్తే పిల్లవాడికి ప్రమాదం. అసలు మనుషులు పడుకునే ఇంట్లో ఆ పని చేయకూడదు. నాకు తెలుసు. పొద్దుపోతోంది, ఇంకో రెండు ఊళ్ళు తిరగాలి, ఆ బస్తాలు మోసి ఎక్కడ పెట్టాలో నా దగ్గర జవాబు లేదు. అందుకని ఆ మాట అనేశాను. రెండో రోజు రాత్రి పిల్లవాడికి వాంతులై, ఊపిరి అందక, టౌను ఆసుపత్రికి మోసుకుపోయారు. బతికాడు. నాకు కబురు తెలిసింది. చూడ్డానికి వెళ్ళలేదు. ఆ నెల డైరీలో "నిల్వ ధాన్యం సంరక్షణపై రైతులకు అవగాహన కల్పించడమైనది" అని రాశాను. ఆ తర్వాత ఆ ఊరికి పోవాల్సి వస్తే ఆ వీధి తప్పించుకుని పోయేవాణ్ణి.

ఇది నా ఒక్కడి పాపమైతే నా మటుకు నేను మోసేవాణ్ణి. మా శిక్షణ తరగతుల విరామాల్లో, గొంతు తగ్గించి, ఇలాంటివి ఒకరికొకరం చెప్పుకున్నాం. ఒకరి ఊళ్ళో కళ్ళు తిరిగి పడ్డ ఇల్లాలు, ఇంకొకరి ఊళ్ళో తెల్లారేసరికి చచ్చిపడున్న కోళ్ళు. విన్నాం, తలూపాం, లోపలికి వెళ్ళి మళ్ళీ అదే పాఠం విన్నాం. ఏ ఒక్కరం లేచి "ఈ బిళ్ళ చిన్న రైతు ఇంటికి పనికిరాదు" అనలేదు. ఒకరి తప్పును ఇంకొకరం కాపాడుకున్నాం. కాపాడాల్సిన గింజను మాత్రం కాపాడలేదు.

అవును, గింజకూ దానివల్ల మేలు జరగలేదు. ఆ వాయువు పని చేయాలంటే సరుకు చుట్టూ గాలి చొరని పట్ట కప్పి, అంచులు మూసి, ఐదు నుంచి ఏడు రోజులు కదిలించకుండా ఉంచాలి. గోనెసంచిలో పెట్టిన బిళ్ళ వాయువు నిలవకుండా ఇల్లంతా పాకి పోతుంది. బయట కనిపించే పురుగు చస్తుంది. ముక్కపురుగు గింజకు తొర్ర చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చి వెళ్తుంది. లోపల పెరిగే పిల్లకు ఆ కాస్త వాయువు చాలదు. చావకుండా మిగిలిన పురుగుల సంతతి మందుకు మొండికేస్తుంది. మన గోదాముల్లో పిండిపురుగూ, నుసిపురుగూ ఫాస్ఫీన్‌కు లొంగకుండా పోతున్నాయని పరిశోధకులు ఏనాడో చెప్పారు. సగం సగం మందుతో ఆ మొండితనాన్ని పెంచినవాళ్ళలో మేమూ ఉన్నాం.

తర్వాతి తప్పు ఇంకా బాధిస్తుంది, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతో చేసింది. 2000 తర్వాత తెలుగు నేల మీద మందుల్లేని సాగు మాట బలంగా వినిపించింది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు చేలల్లో పురుగుమందులు మానేసి దారి చూపారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వ కార్యక్రమమే అయింది. నేనూ మనసు మార్చుకుని ఆ సభల్లో మాట్లాడాను. జీవామృతం ఎకరానికి ఎన్ని లీటర్లో, కషాయం ఎన్ని రోజులకోసారో లెక్కలు చెప్పాం. ఇంటికి చేరిన గింజ గురించి అడిగితే "నాలుగు వేపాకులు వేసుకోండమ్మా" అన్నాం. ఒక్క వాక్యం. ఎన్ని ఆకులు, ఎంత ఎండినవి, ఎన్నాళ్ళు పనిచేస్తాయి, ఏ పురుగు మీద పనిచేస్తాయి అని మేమెవరం కొలిచి చూడలేదు. తేమ ఉన్న కందుల్లో నాలుగు వేపాకులు వేస్తే పుచ్చపురుగు ఆగదు. ఆగలేదు కూడా. ఆ ఆడవాళ్ళు మళ్ళీ అంగడికే పోయారు. చేలో మందు మానేసిన ఇంట్లో, తినే గింజల మధ్య బిళ్ళ ఉంది. అది చూసి కూడా మందుల్లేని ఊరని బోర్డు కట్టాం.

పాతకాలాన్ని మొత్తంగా ఆకాశానికెత్తడమూ మా ఇంకో సోమరితనం. పాతర అన్ని చోట్లా పనికిరాదు. భూమిలో నీళ్ళు పైకి ఊరే చోట తవ్వితే గింజ బూజు పడుతుంది. కోస్తాలో గాదెలూ, గడ్డితాళ్ళు చుట్టి కట్టే పురులూ అందుకే వచ్చాయి. పాతరలో కూడా అంచున ఉన్న జొన్నలు ముక్కవాసన వేసేవి, వాటిని వేరుచేసి గొడ్లకు పెట్టేవాళ్ళు. నూనె పట్టించిన గింజ నెలల తరబడి ఉంటే వాసన మారుతుంది. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తేల్చి చెప్పడమే మా ఉద్యోగం. ఆ పని చేయకుండా ఒక కాలంలో పాతదంతా చెత్త అన్నాం, ఇంకో కాలంలో పాతదంతా బంగారం అన్నాం.

మా నిర్లక్ష్యానికి ఖరీదు కట్టింది చిన్న రైతు. నిల్వ పెడితే పుచ్చిపోతుందన్న భయంతో కల్లంలోనే, ధర అడుగున ఉన్నప్పుడే అమ్మేశాడు. తన కందులు తానే అమ్మి, ఆరు నెలలకు అంగట్లో పప్పు కొన్నాడు. విత్తనం దాచుకోలేక ప్రతి తొలకరికీ విత్తనాల వరుసలో చెప్పులు పెట్టి నిలబడ్డాడు. ఇంకా పెద్ద ఖరీదు కట్టింది ఆడవాళ్ళు. ఇంటి విత్తనం వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం ఏ చేలో ఏం వేయాలో వాళ్ళ మాటకు విలువుండేది. కుండలు పోయాయి, ఆ మాటా పోయింది. మా శిక్షణలకు పిలిచిన జాబితాల్లో వాళ్ళ పేర్లు లేవు. గింజను కొరికి తేమ చెప్పగలిగిన మనిషిని వదిలేసి, గింజ ముట్టని మనిషికి తరగతి చెప్పాం.

మేం చేయలేమని అనడానికి వీల్లేదు. చేసినవాళ్ళున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు పాత పంటల విత్తనాలను బుట్టల్లో బూడిదా వేపాకూ వేసి, మట్టీ పేడా మెత్తి దాచుకుని, ఊరూరా విత్తన బ్యాంకులు నడిపారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళెవరూ మా తరగతులకు వచ్చినవాళ్ళు కాదు. 1980ల చివర్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం ఆఫ్రికాలోని కామెరూన్‌లో చిన్న రైతుల అలసందలు ఎలా కాపాడాలా అని పని మొదలుపెట్టింది. మూడు పొరల సంచి అక్కణ్ణుంచే వచ్చింది. లోపల రెండు మందపాటి పాలిథీన్ సంచులు, బయట మామూలు అల్లిక సంచి, ఒక్కొక్కటీ విడిగా మూతి బిగించాలి. అంతే. ఎండిన గింజ తినే పురుగు తనకు కావలసిన నీటిని ఆక్సిజన్ సాయంతో ఒంట్లోనే తయారుచేసుకుంటుందని, అది అందకపోతే ఎండిపోయి చస్తుందని తర్వాత ఆ బృందమే తేల్చింది. అక్కడ అలసందలను తినే పురుగే ఇక్కడ మన పెసల్నీ అలసందల్నీ తినేది. ఆ సంచి చేసే పని మా జేజినాయన పాతర చేసిన పనే. వాళ్ళు రైతు ఇంట్లో కూర్చుని చూశారు. మేం ఆ ఇంట్లో పుట్టి కూడా చూడలేదు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్పకుండా తప్పులు ఒప్పుకుంటే అది మరో తప్పు. తిండిగింజల్లో తేమ 12 శాతానికి, పప్పుగింజల్లో 9 శాతం దగ్గరికి దిగేదాకా బరకం మీద పలచగా ఎండబెట్టాలి. పుచ్చపురుగు చేలో కాయల మీదే గుడ్లు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది, కాబట్టి కోసిన వెంటనే ఎండబెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. పాత గోనెసంచుల కుట్లలో పురుగు దాగుంటుంది, వాటిని మరిగే నీళ్ళలో ముంచి ఆరబెట్టాకే వాడాలి. కొత్త గింజను పాత గింజతో కలపకూడదు. పప్పుగింజలకు కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె సమంగా పట్టించవచ్చు, లేదా డబ్బాలో పైన రెండు మూడంగుళాల పొడి ఇసుక పరచవచ్చు. తినే కందులను పప్పు విరిచి దాచుకుంటే పురుగు బెడద చాలా తగ్గుతుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన చిల్లుల గొట్టాన్ని గింజల్లో గుచ్చితే, సంచరించే పురుగులు అందులో పడి దొరికిపోతాయి, గింజకు పురుగు పట్టిందని ముందే తెలుస్తుంది. వీటన్నిటి మీదా మూత. డ్రమ్ము కానీ, కుండ కానీ, మూడు పొరల సంచి కానీ, నిండుగా నింపి గాలి చొరకుండా మూసి, నెలా రెండు నెలలు తెరవకుండా ఉంచాలి. ఎండ, మూత. ఈ రెండూ సరిగ్గా ఉంటే బిళ్ళ అవసరం లేదు.

ఇప్పుడు పనిలో ఉన్న నా తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక విన్నపం. ఈ పంట కల్లం ఎత్తాక మీ పరిధిలో పది ఇళ్ళకైనా వెళ్ళండి. గింజ ఎక్కడ పెట్టారో చూడండి. ఆ ఇంటి ఇల్లాలిని కూర్చోబెట్టి ఆమెకేం తెలుసో రాసుకోండి, కొలిచి చూడండి, పనికొచ్చేది ఊరందరికీ చెప్పండి. బిళ్ళ కనిపిస్తే ఆ రోజే బయటికి తీయించండి. మంచి సంచులు సంఘాల ద్వారా తెప్పించండి. మీ డైరీలో జరిగిందే రాయండి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం పాతికేళ్ళుగా నా గుమ్మంలో నిలబడి ఉంది. వద్దవ్వా. బిళ్ళ వేసిన రూములో పిల్లోన్ని పండుకోబెట్టొద్దు. ఆ బస్తాలు నేనే మోసి అవతల పెట్టాల్సింది. ఆ రోజు నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.